జాబ్ కార్డు మీద మా మాట రాయండి: రవాణా శాఖ కమిషనర్ గారికి, కార్ల డీలర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ కమిషనర్ గారికి,
ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల్లో కార్ల షోరూములు, సర్వీస్ సెంటర్లు నడుపుతున్న యజమానులకు,

నమస్కారం. నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాను. 34 ఏళ్లు బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఈ లేఖ నా మొదటి ప్రయత్నం కాదు. నా కారు సర్వీసు ఫిర్యాదు గురించి ఏడాదికి పైగా డీలరుకు మూడు ఉత్తరాలు రాశాను, తయారీ కంపెనీకి అయిదు ఈమెయిళ్లు పంపాను, ఒక ప్రభుత్వ కార్యాలయంలో అర్జీ ఇచ్చాను. డీలరు నుంచి జవాబు లేదు. కంపెనీ నుంచి ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అన్న వాక్యం అయిదుసార్లు వచ్చింది. అర్జీ పరిష్కారమైందని ఫోనుకు సందేశం వచ్చింది. ఏం పరిష్కరించారో ఇప్పటికీ నాకు తెలియదు. అందుకే నలుగురి ముందు పెడుతున్నాను.

నేను అడిగేది చిన్న విషయం. కారును సర్వీసుకు ఇచ్చినప్పుడు యజమాని చెప్పిన ఫిర్యాదును అతని మాటల్లోనే జాబ్ కార్డు మీద, అంటే బండికి ఏం పని చేయాలో సర్వీస్ సెంటర్ రాసుకునే కాగితం మీద, రాయాలి. ఆ కాగితం నకలు అతని చేతికివ్వాలి. ఇంతమాత్రానికి బహిరంగ లేఖ దేనికని మీకు అనిపించవచ్చు. జరిగింది వినండి.

మా మొదటి కారు 2006లో కొన్నాం. చిన్న పెట్రోలు బండి. 15 ఏళ్లలో 1,42,000 కిలోమీటర్లు తిరిగింది. రెండుసార్లు క్లచ్ ప్లేట్లు, నాలుగు బ్యాటరీలు, మూడు సెట్ల టైర్లు, ఒక రేడియేటర్, ఒక ఆల్టర్నేటర్ మార్చాం. ఒక్కసారి కూడా మమ్మల్ని నడిరోడ్డు మీద దింపలేదు. వారంటీ అయిపోయాక ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు తీసుకెళ్లేవాళ్లం. ఆ మెకానిక్ ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. బండి రాగానే చొక్కా జేబులోంచి గ్రీజు మరకల చిన్న నోటుబుక్కు తీసేవాడు. చెవి మీది పెన్సిలు అందుకుని, మనం చెప్పింది చెప్పినట్టు రాసుకునేవాడు. ఒక పేజీ నాకింకా కళ్లకు కట్టినట్టుంది. ‘ఎడమ ముందు చక్రం దగ్గర కిచకిచ. పొద్దున మాత్రమే. ఎండెక్కాక ఉండదు. అమ్మగారు చెప్పారు.’ ఆ ‘పొద్దున మాత్రమే’ అన్న మాట పట్టుకునే అతను నేరుగా సస్పెన్షన్ దగ్గరికి వెళ్లాడు. బిగిసిపోయిన రబ్బరు బుష్ ఒకటి తీసి చూపించాడు. కొత్తది 180 రూపాయలు. పాతది కాగితంలో చుట్టి మా ఆవిడ చేతిలో పెట్టాడు. ఆ కారు పదిహేనేళ్లు నమ్మకంగా నడిచిందంటే అందులో సగం ఘనత ఆ నోటుబుక్కుదేనని నేను గట్టిగా నమ్ముతాను.

రెండో కారు 2021 ఆగస్టులో తీసుకున్నాం. మా అమ్మకు ఇప్పుడు 84 ఏళ్లు. ఆటో ఎక్కలేదు, కిందికున్న సీట్లో కూర్చుంటే లేవలేదు. ఎత్తు సీటు బండి కావాలని చెప్పాం. మా తిరుగుడు ఎంతో కూడా షోరూంలో విడమరిచి చెప్పాను. వారానికి మూడు రోజులు లబ్బీపేటకు ఫిజియోథెరపీకి, మిగతా రోజుల్లో బీసెంట్ రోడ్డు దాకా, అంతే. ‘డీజిల్ తీసుకోండి సార్, మైలేజీ బాగుంటుంది’ అన్నారు. పన్నెండు లక్షల ఎనభై వేలు పెట్టి తీసుకున్నాం.

వాళ్లు చెప్పని మాట ఒకటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా వాహనాల పొగకు బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక డీజిల్ కార్ల పొగ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటోంది. డీపీఎఫ్ అంటారు. మసి నిండినప్పుడు బండి దాన్ని తనంతట తానే కాల్చుకోవాలి. అందుకు ఫిల్టర్‌లో వేడి దాదాపు 600 డిగ్రీలకు చేరాలి. అంటే బండి హైవే వేగంతో పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. లబ్బీపేటకు నాలుగైదు సిగ్నళ్ల మధ్య వెళ్లి వచ్చే బండికి ఆ అవకాశం రాదు. మండటం మొదలై సగంలో ఆగిన ప్రతిసారీ మసి మిగిలిపోతుంది. క్రమంగా ఫిల్టర్ పూడుకుపోతుంది. కాలని డీజిల్ వెళ్లి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. కారుతో ఇచ్చే పుస్తకంలో ఈ ఫిల్టర్ గురించి ఉంది. కాని ఆ పుస్తకం మన చేతికి వచ్చేది డబ్బు కట్టాక.

2022 ఫిబ్రవరిలో, 4,100 కిలోమీటర్ల దగ్గర, పసుపు లైటు వెలిగింది. సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. ‘పసుపు లైటు వెలుగుతోంది. పికప్ లేదు. బయలుదేరి రెండు కిలోమీటర్లు వెళ్లాక మొదలవుతుంది’ అని చెప్పాను. సర్వీస్ అడ్వైజర్ చేతిలో పలక లాంటి కంప్యూటర్ ఉంది. తెర మీద వేలితో జాబితాను కిందికి జరిపాడు. ఏసీ, బ్రేకులు, శబ్దం, వాటర్ వాష్, జనరల్ చెకప్. అతని వేలు ‘జనరల్ చెకప్’ మీద ఆగింది. నొక్కాడు. ‘నేను చెప్పింది రాయవా బాబూ’ అని అడిగాను. ‘లోపల టెక్నీషియన్‌కు నోటితో చెబుతాను సార్, ఇందులో రాసే చోటు లేదు’ అన్నాడు. ఆ అబ్బాయిని నేను తప్పు పట్టను. మా పిల్లల వయసువాడు, పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాడు, వెనక మరో పది బండ్లు వేచి ఉన్నాయి. అతనికి రాసే చోటు ఇవ్వనివాళ్లు ఈ లేఖ చదవాలి.

‘హైవే మీద ఒకసారి నడుపుకుని రండి, లైటు పోతుంది’ అన్నారు. నిజమే, పోయింది. మూడు వారాలకు మళ్లీ వచ్చింది. రెండున్నరేళ్లు ఇదే తంతు. ఎన్నో ఆదివారాలు రామవరప్పాడు రింగు దాటి గన్నవరం దాకా, ఏ పనీ లేకుండా, పక్కన ఎవరూ లేకుండా, కేవలం ఫిల్టర్ కోసం డీజిల్ తగలేసి వచ్చాను. 2024 జూన్‌లో అమ్మను మంగళగిరి ఎయిమ్స్‌కు తీసుకెళ్తుంటే కనకదుర్గ వారధి మీద బండి ఒక్కసారిగా నీరసపడింది. యాక్సిలరేటర్ నేలకు అదిమినా 30 దాటలేదు. వెనక లారీల హారన్లు. అమ్మ ముందు సీటు పట్టుకుని ‘ఆపెయ్యరా, దిగిపోతాను’ అంటోంది. వారధి మీద ఎక్కడ ఆపను, ఎక్కడ దింపను?

తొమ్మిదోసారి 2024 జూలైలో వెళ్లాను. ఆగస్టులో మూడేళ్ల వారంటీ ముగిసింది. సెప్టెంబరులో అంచనా వచ్చింది. ఫిల్టర్ మార్చాలి, 1,38,400 రూపాయలు. ఇది మొదటి ఏడాది నుంచి ఉన్న జబ్బేగా అన్నాను. మేనేజర్ కంప్యూటర్‌లో చూసి, చాలా మర్యాదగా, ‘వారంటీ కాలంలో ఈ ఫిర్యాదు ఎక్కడా నమోదు కాలేదు సార్’ అన్నారు. ఇంటికి వచ్చి తొమ్మిది జాబ్ కార్డులూ బల్ల మీద పరిచాను. ఆరింటిలో ‘జనరల్ చెకప్’. రెండింటిలో ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్’. ఒకదానిలో ‘వాటర్ వాష్’. పసుపు లైటు అన్న మాట లేదు. పికప్ అన్న మాట లేదు. తొమ్మిదిసార్లు నేను చెప్పింది గాలికి పోయింది. చెక్కుబుక్కు పోయిందని ఖాతాదారు రాసిచ్చిన కాగితాన్ని నేను పక్కన పడేసి, రిజిస్టర్‌లో ‘సాధారణ విచారణ’ అని రాసుకుని ఉంటే, ఆ మర్నాడు ఎవరో ఆ చెక్కుతో డబ్బు తీసుకుపోయి ఉంటే, నా ఉద్యోగం ఊడేది. ఊడాలి కూడా.

అమ్మకు బండి లేకపోతే గడవదు కాబట్టి అక్టోబరులో ఆ డబ్బు కట్టాను. ఆ డబ్బు సంగతి వినియోగదారుల కమిషన్‌లో తేల్చుకుంటాను. ఇక్కడ రాస్తున్నది అందరికీ వర్తించే సంగతి. ఫిర్యాదు కాగితం మీదకు రాకపోతే మామూలు మనుషులకు ఏమవుతుందో, నాకు అర్థమైనంతవరకు చెబుతాను.

1. వారంటీ అనేది మేం డబ్బిచ్చి కొన్న హామీ. లోపం వారంటీ లోపలే బయటపడిందని చూపించే కాగితం సర్వీస్ సెంటర్ రాసే జాబ్ కార్డే. హామీ ఇచ్చినవారి మనుషులే ఆ కాగితం రాస్తారు, ఏం రాయాలో వాళ్లే నిర్ణయిస్తారు. ‘ఇంకో సర్వీసు దాకా చూద్దాం’ అని నెలలు జరిగితే గడువు మాకు తరుగుతుంది.

2. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మంచి చట్టం. 50 లక్షల రూపాయల లోపు కొనుగోలైతే జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు. నా కారు ధరకు ఫీజు 400 రూపాయలు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. వస్తువును పరీక్షకు పంపనవసరం లేని కేసును మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టమే చెబుతోంది. కాని తయారీ లోపం ఉందని రుజువు చేయాల్సింది ఫిర్యాదుదారుడే. ఇంజనీరింగ్ నిపుణుడి నివేదిక తెచ్చుకునే స్తోమత ఎందరికి ఉంటుంది? అలాంటివాడికి మిగిలే సాక్ష్యం, ఒకే లోపం కోసం ఎన్నిసార్లు తిరిగాడో చూపించే జాబ్ కార్డులు. తొమ్మిదింటిలోనూ ‘జనరల్ చెకప్’ లాంటి మాటలే ఉంటే నేను బండిని అతిగా ముద్దు చేసే యజమానినని కంపెనీ వాదించవచ్చు.

3. ఇది అన్నిటికన్నా పెద్దది, ప్రాణాలకు సంబంధించింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఏ సెక్షన్ చేర్చారు. ప్రయాణికులకు, రోడ్డు మీద ఇతరులకు, పర్యావరణానికి హాని చేసే లోపం ఒక రకం వాహనంలో ఉందని తేలితే వాటన్నిటినీ వెనక్కి పిలిపించమని కంపెనీని ఆదేశించే అధికారం కేంద్రానికి వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అందుకు నియమాలు అమల్లో ఉన్నాయి. ఏడేళ్ల లోపు వాహనాలకు వర్తిస్తాయి. జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా ఉంది. అయితే ఆ ఆదేశం రావడానికి ఉన్న దారుల్లో ముఖ్యమైనది, ఎంత శాతం మంది యజమానులు ఫిర్యాదు చేశారన్న లెక్క. ఇందుకోసం కేంద్రం పోర్టల్ పెట్టిందని తెలుసా అని మా వీధిలో కారున్న పదకొండు ఇళ్లలో అడిగాను. ఒక్కరికీ తెలియదు. అందరూ వెళ్లేది సర్వీస్ సెంటర్‌కే. అక్కడ మా మాట ‘జనరల్ చెకప్’గా మారిపోతే, వారధి మీద నాలాగా ఆగిన బండ్లు ఎన్నో ఎవరు లెక్కపెడతారు?

4. ఆటోనగర్ మన ఊరి పేరు దేశమంతా తీసుకెళ్లింది. లారీ బాడీ కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికి వస్తారు. అలాంటి ఊళ్లో, కొత్త కార్ల విషయంలో మెకానిక్‌ల చేతులు కట్టేశారు. లోపం కోడ్ చదివే పరికరం ఉండదు, కంపెనీ విడిభాగం అమ్మరు, బండికి ఇంతకుముందు ఏం చేశారో రాసిన చరిత్ర ఇవ్వరు. ఇది నేను కొత్తగా కనిపెట్టిన బాధ కాదు. 2014 ఆగస్టు 25న, మార్కెట్లో పోటీని దెబ్బతీసే కంపెనీలపై చర్య తీసుకునే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది ఈ కారణంగానే. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదని, బయటి పని వల్ల చెడినంత మేరకే తిరస్కరించవచ్చని అప్పుడే చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ (మరమ్మతు హక్కు) పోర్టల్ కూడా తెచ్చింది. అయినా సర్వీస్ సెంటర్ గోడ మీద ‘బయట ముట్టుకుంటే వారంటీ పోతుంది’ అన్న బోర్డు అలాగే ఉంది.

5. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వాటికి ఏం మార్చారో, ఏం మార్చకుండా కడిగి ఇచ్చారో రేపు వాటిని కొనేవాడికి తెలిసే దారి లేదు. పాత కారు కొనేది జీతగాడు, చిన్న వ్యాపారి. సర్వీస్ చరిత్ర కంపెనీ కంప్యూటర్‌లో ఉంటుంది. బండి మాది, దాని చరిత్ర మాత్రం మాది కాదు.

6. పెట్రోలులో ఇథనాల్ 2025 నాటికి 20 శాతానికి చేరింది. 2023కు ముందు తయారైన బండ్లవాళ్లు ‘మా బండికి ఇది పడుతుందా’ అని అడిగితే ఒక అడ్వైజర్ ఫర్వాలేదంటాడు, మరొకరు రబ్బరు పైపులు చూసుకోమంటారు. రాసివ్వమంటే ఇద్దరూ రాయరు.

కొనేటప్పుడూ ఇదే కథ. ఆన్‌రోడ్ ధర చీటీలో ‘రిజిస్ట్రేషన్, ఇతరములు’ అని ఒకే అంకె వేస్తారు. కేంద్ర నిబంధనల్లో కారు రిజిస్ట్రేషన్ ఫీజు 600 రూపాయలు. జీవితకాల పన్ను వేరే, దానికి రసీదు వస్తుంది. మిగతా వేలు హ్యాండ్లింగ్ ఛార్జీలని అడిగితే గాని చెప్పరు. ఏ చట్టం కింద అంటే అసలే చెప్పరు. బీమా ఎక్కడైనా తీసుకునే స్వేచ్ఛ కొనేవాడికి ఉంది. ‘బయట తీసుకుంటే డెలివరీ ఆలస్యమవుతుంది’ అని భయపెట్టడం ఏం న్యాయం?

షోరూముల యజమానులారా, మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. వారంటీ ఖర్చు కంపెనీ నుంచి రాబట్టుకోవడం మీకూ కష్టమే, ఆ తెరలూ జాబితాలూ పైనుంచే వస్తాయి. అయినా తెల్ల కాగితానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మిమ్మల్ని కోరేవి ఇవి.

ఒకటి, బండి లోపలికి వెళ్లకముందే ఫిర్యాదును తెలుగులో, యజమాని మాటల్లో, ఎప్పుడు వస్తోంది, ఎన్నోసారి వస్తోంది అన్న వివరాలతో రాసి, ఇద్దరూ సంతకం చేసి, నకలు ఇవ్వండి. లోపం కనిపించకపోతే కనిపించలేదనే రాయండి, దాన్ని మేం అర్థం చేసుకుంటాం.

రెండు, కంప్యూటర్ చూపించిన లోపం కోడ్ అచ్చు తీసి ఇవ్వండి. డబ్బు తీసుకుని మార్చిన ప్రతి పాత విడిభాగాన్ని యజమానికి చూపించండి, అడిగితే ఇచ్చేయండి.

మూడు, డీజిల్ కారు అమ్మేముందు కొనేవాడి రోజువారీ తిరుగుడు అడిగి, ఈ ఫిల్టర్ సంగతి చెప్పి, చెప్పినట్టు సంతకం తీసుకోండి. రెండు నిమిషాల పని. నాకు ఎవరైనా చెప్పి ఉంటే పెట్రోలు బండి కొనుక్కునేవాణ్ణి.

కమిషనర్ గారూ, డీలర్లకు ట్రేడ్ సర్టిఫికెట్ ఇచ్చేది మీ శాఖ. అది లేకుండా రిజిస్ట్రేషన్ కాని బండిని డీలరు రోడ్డు మీదకు తేలేడు. కాబట్టి మీ మాట వాళ్లు వింటారు. ఆ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు, తనిఖీకి వెళ్లినప్పుడు ఫిర్యాదు నమోదు పుస్తకం ఉందో లేదో చూడమని జిల్లా అధికారులను ఆదేశించండి. ప్రస్తుత నియమాల్లో దానికి చోటు లేకపోతే ప్రభుత్వానికి ప్రతిపాదన పంపండి. ప్రతి షోరూంలో ధరల వివరం, ప్రభుత్వానికి కట్టేది ఎంత, డీలరు తీసుకునేది ఎంత అన్నది విడివిడిగా తెలుగులో బోర్డు పెట్టించండి. లోపాలపై కేంద్ర పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చని, వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 అని అదే బోర్డు మీద రాయించండి. ఏం చర్య తీసుకున్నారో 45 రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాను.

నా కేసుకు చట్టం ఇచ్చిన రెండేళ్ల గడువు 2026 సెప్టెంబరు దాకా ఉంది. జవాబు వచ్చినా రాకపోయినా నేను కమిషన్‌కు వెళ్తాను. ఇదే అనుభవం ఉన్నవాళ్లు దయచేసి మీ పాత జాబ్ కార్డులు పారేయకండి. ఇవాళే ఒకసారి బయటకు తీసి, మీరు చెప్పింది అందులో ఉందో లేదో చూసుకోండి.

ఈ లేఖ ప్రతిని, తొమ్మిది జాబ్ కార్డుల నకళ్లను, ఫిర్యాదు నమోదుకు నేను తయారుచేసిన ఒక పేజీ నమూనాను కమిషనర్ గారి కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. నమూనా ఎలా నింపాలో తెలియడానికి మొదటి వరుస నేనే రాశాను: ‘ఎడమ ముందు చక్రం దగ్గర కిచకిచ. పొద్దున మాత్రమే. ఎండెక్కాక ఉండదు.’

ఇట్లు,
ఒక కారు యజమాని,
సత్యనారాయణపురం, విజయవాడ